కరెంటు పెట్టడం అయిపోయాక వచ్చే దగ్గు: అపోహలు - వాస్తవాలు

ఛాతీకి రేడియేషన్ (క్యాన్సర్‌కు ఇచ్చే కిరణాల చికిత్స, వాడుకలో కరెంటు పెట్టడం) పూర్తి చేసుకుని ఇంటికెళ్లినవాళ్లలో కొందరు రెండు మూడు నెలలకు పొడి దగ్గు, ఆయాసంతో మళ్లీ వస్తారు. అప్పటికే యాంటీబయాటిక్స్ ఒకటికి రెండు కోర్సులు వాడేసి ఉంటారు. రేడియేషన్ ఆంకాలజిస్టుగా నన్ను బాగా బాధపెట్టేది ఈ ఆలస్యమే.

అపోహ: చివరి సిట్టింగ్‌తో సైడ్ ఎఫెక్ట్స్ కూడా అయిపోతాయి.

వాస్తవం: చర్మం ఎర్రబడటం, మింగితే నొప్పి లాంటివి సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గుతాయి. ఊపిరితిత్తులు అలా కాదు. రొమ్ము, ఊపిరితిత్తులు, అన్నవాహిక క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకున్న కొందరికి, ఎక్కువగా ఒకటి నుంచి ఆరు నెలల లోపు, ఊపిరితిత్తుల్లో వాపు వస్తుంది. దీన్నే రేడియేషన్ న్యుమోనైటిస్ అంటాం. దెబ్బతిన్న కణాలు పంపే రసాయన సంకేతాలకు రోగనిరోధక కణాలు అక్కడికి చేరి, గాలి గదుల గోడలు ఉబ్బుతాయి. ఇదంతా జరగడానికి వారాలు పడుతుంది.

అపోహ: దగ్గు, జ్వరం ఉన్నాయంటే టీబీయో, ఇన్ఫెక్షనో అయ్యుంటుంది.

వాస్తవం: మన దగ్గర టీబీ ఎక్కువ, కాబట్టి కళ్లె పరీక్ష చేయించాల్సిందే. కానీ న్యుమోనైటిస్‌కు కారణం క్రిమి కాదు, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. సీటీ స్కాన్‌లో మచ్చ సాధారణంగా కిరణాలు పడినంత మేరకే, ఒక్కోసారి గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆయాసం ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తాం. చాలామందికి కొద్ది రోజుల్లోనే ఊపిరి తేలికవుతుంది. చిక్కంతా అక్కడే వస్తుంది. బాగుందని మాత్రలు ఠక్కున ఆపేస్తే ఆయాసం తిరగబెట్టవచ్చు. డోసు వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. దయచేసి మీ అంతట మీరు ఆపకండి.

అపోహ: ఏం జరిగినా కిరణాలు పడిన వైపే జరుగుతుంది.

వాస్తవం: ఎక్కువగా అంతే. అయితే ఒక వైపు రొమ్ముకు రేడియేషన్ ఇచ్చాక రెండు ఊపిరితిత్తుల్లోనూ లింఫోసైట్లు అనే రోగనిరోధక కణాలు పెరిగినట్టు పరిశోధనల్లో తేలింది. అరుదుగా కిరణాలు తగలని చోట కూడా మచ్చలు వస్తాయి.

అపోహ: నెలల తర్వాత అదే చోట చర్మం ఎర్రబడి మండితే, అప్పట్లో డోసు ఎక్కువ పెట్టినట్టే.

వాస్తవం: ఇది రేడియేషన్ రీకాల్ కావచ్చు. రేడియేషన్ తర్వాత మొదలుపెట్టిన మందు వల్ల పాత చోటే మళ్లీ వాపు రేగుతుంది. 1959లో యాక్టినోమైసిన్-డి అనే క్యాన్సర్ మందుతో దీన్ని మొదట గుర్తించారు. డోసెటాక్సెల్, జెమ్‌సిటాబిన్, డాక్సోరుబిసిన్ లాంటి కీమో మందులతోనూ వస్తుంది. అలాగని రీకాలే కదా అని ఊరుకోకూడదు. రొమ్ము ఎర్రబడితే క్యాన్సర్ తిరిగొచ్చిందేమో కూడా చూడాలి.

మీ ఊళ్లో ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు "నాకు కరెంటు పెట్టారు" అని చెప్పండి. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని సిట్టింగులు అన్న వివరాలుండే ట్రీట్‌మెంట్ సమ్మరీ కాగితం చూపించండి. నాలుగు అడుగులు వేసినా ఆయాసం వస్తున్నా, వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో ఆక్సిజన్ 94 కంటే తక్కువ చూపిస్తున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి రండి.