మంచుబండి కుక్కల వేడి లెక్క

హనుమకొండలో వడ్డేపల్లి చెరువు కట్టమీద తెల్లవారుజామున నడిచేవారికి ఈ వేసవిలో ఒక సైబీరియన్ హస్కీ కనిపిస్తున్నది. నీలికళ్లు, తోడేలును పోలిన ముఖం, మెడచుట్టూ దట్టమైన బొచ్చు ఉన్న ఆ కుక్కను చూసి నడకకు వచ్చిన పెద్దమనుషులు ఆగి, "మన ఎండ దీనికి ఎట్ల పడుతది బిడ్డా?" అని దాన్ని పట్టుకొచ్చిన యువకుణ్ణి అడుగుతారు. "పొద్దంత ఏసీలనే ఉంటది సార్" అని అతడు కొంత సంకోచంతో జవాబిస్తాడు. అప్పటికి ఆరుగంటలైనా కాలేదు, అయినా కుక్క నాలుక పూర్తిగా బయటికి వేలాడుతూ ఉంటుంది.

పెద్దలు అడిగిన ప్రశ్న సరైనదే. అయితే ఆ కుక్క జాతికి సొంత వాతావరణమైన ఉత్తర ప్రాంతాలలో, అలాస్కాలోనూ సైబీరియాలోనూ, మంచుబండ్లు తోలేవారిని సైతం ఏడాది పొడవునా వెంటాడేది ఈ వేడి ప్రశ్నే. చలి గురించి వారికి పెద్దగా బెంగ ఉండదు, ఎందుకంటే రెండు పొరల బొచ్చు ఆ పని చూసుకుంటుంది. పరుగెత్తే కుక్క తన ఒంట్లో తానే పుట్టించుకునే వేడిని ఎక్కడ, ఎలా వదిలించుకోవాలన్నదే వారి శిక్షణ మొత్తాన్నీ నడిపించే లెక్క.

ఆ వేడి ఎంత ఉంటుందో అంకెల్లో చూడవచ్చు. దాదాపు మూడు రోజులలో 490 కిలోమీటర్లు పరుగెత్తిన అలాస్కా కుక్కల శరీరాల్లోకి గుర్తింపు పరమాణువులున్న నీటిని పంపి, అవి ఖర్చుచేసిన శక్తిని పరిశోధకులు కొలిచారు. 1997లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం ఒక్కో కుక్క సగటున రోజుకు సుమారు 47,000 కిలోజౌళ్లు, అంటే 11,000 కిలోక్యాలరీలకు పైగా ఖర్చుచేసింది. ఇంట్లో మామూలుగా తిరిగే అదే పరిమాణపు కుక్కకు ఇందులో ఎనిమిదో వంతు సరిపోతుంది. ఇంకొక విధంగా చెప్పాలంటే, పాతిక కిలోలకు మించని ఆ జంతువు రాత్రింబవళ్లు సగటున 540 వాట్లకు పైగా శక్తిని వెచ్చిస్తున్నది. మన ఇళ్లలో ఏడు సీలింగు ఫ్యాన్లు ఆగకుండా తిరిగితే ఖర్చయ్యే కరెంటు దాదాపు అంతే. విశ్రాంతి వేళలు కూడా కలిపిన సగటు ఇది కనుక, పరుగు మధ్యలో ఆ అంకె ఇంకా పెద్దదిగా ఉంటుంది.

కండరం ఖర్చుచేసే శక్తిలో నాలుగో వంతు మాత్రమే బండిని లాగే పనిగా మారుతుంది, తక్కినదంతా వేడిగా మారి రక్తంలో కలుస్తుంది. పొలంలో పనిచేసే మనిషికి ఒళ్లంతా చెమట పట్టి, ఆ చెమట ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. కుక్కకు చెప్పుకోదగిన చెమట పాదాల మెత్తలలో తప్ప ఎక్కడా పట్టదు; అది వేడిని ప్రధానంగా వగర్పు ద్వారా, అంటే నాలుకమీద, ముక్కులోపలి తడి పొరలమీద గాలిని వేగంగా ఆడించి, ఆ తడిని ఆవిరిచేసి పోగొట్టుకుంటుంది. గాలి మైనస్ 20 డిగ్రీలున్నప్పుడు పీల్చిన ప్రతి శ్వాసా లోపలి వేడిని వెంటపెట్టుకొని బయటికి వస్తుంది. బొచ్చు పలచగా ఉండే పొట్ట అడుగుభాగమూ తొడల లోపలిభాగమూ అందుకు తోడ్పడతాయి. అది చాలకపోతే కుక్కలు పరుగు ఆపకుండానే తల పక్కకు వంచి దారి అంచున ఉన్న మంచును నోటినిండా అందుకుంటాయి. ఇది చూడటానికి ఆటలా ఉంటుంది కాని, అనుభవం ఉన్న బండివాడు దాన్ని చూసి కుక్కలకు వేడెక్కుతున్నదని గ్రహించి వేగం తగ్గిస్తాడు.

పందెపు కుక్కలు మనం ఊహించుకున్నంత భారీగా ఉండకపోవడానికి కూడా కారణం ఇదే. శరీరం పెరిగేకొద్దీ లోపలి కండ పెరిగినంతగా పైచర్మం వైశాల్యం పెరగదు, కాబట్టి పెద్ద శరీరం వేడిని పట్టి ఉంచుతుంది. బరువులు లాగడానికి పెంచిన మాలమ్యూట్ జాతి కుక్కలు 35 కిలోలకు పైగా తూగి నెమ్మదిగా నడుస్తాయి; దూరపు పందేలలో పరుగెత్తేవి సాధారణంగా 20 నుంచి 25 కిలోల మధ్యనే ఉంటాయి. వాటిలో అత్యధికం సినిమాల్లో కనిపించే నీలికళ్ల హస్కీలు కావు, ఏ ప్రదర్శనలోనూ బహుమతి రాని, పరుగును చూసి మాత్రమే జతకట్టించిన 'అలాస్కన్ హస్కీ' అనే మిశ్రమ సంతతి.

పాదాల సంగతి ఇందుకు తిరగబడినట్టు ఉంటుంది. బొచ్చులేని మెత్తలు మంచును నేరుగా తాకుతున్నా ఎందుకు గడ్డకట్టవన్న ప్రశ్నకు జపాన్ పరిశోధకులు 2011లో సమాధానం చూపించారు: పాదంలోకి వేడిరక్తాన్ని తెచ్చే ధమనులను, చల్లబడిన రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సన్నని సిరలు వలలా చుట్టుకొని ఉంటాయి. పోయే రక్తం తన వేడిని తిరిగివచ్చే రక్తానికి అప్పగిస్తుంది కాబట్టి మెత్తలు గడ్డకట్టనంత వెచ్చగా ఉంటాయి, గుండెకు చేరే రక్తమూ చల్లబడదు. అయినా గరుకైన మంచుపలుకులు మెత్తలను కోస్తాయి, వేళ్లసందుల్లో ఉండలు కడతాయి. అందుకే గుడ్డతో కుట్టిన బూటీలు తొడుగుతారు. 14 కుక్కల జట్టుకు ఒకసారి తొడగాలంటే 56 బూటీలు కావాలి; గడ్డకట్టిన వేళ్లతో అన్నింటినీ తొడిగి విప్పే ఓపిక ఆ వృత్తిలో సగం విద్య అని చెప్పవచ్చు.

అలాస్కాలో ఈ కుక్కల సంవత్సరం ఆగస్టు చివరనో సెప్టెంబరు మొదట్లోనో ఆరంభమవుతుంది. మన రైతు మృగశిర కార్తెకు మబ్బువైపు చూసినట్టే అక్కడ 'మషర్' అని పిలిచే బండివాడు థర్మామీటరువైపు చూస్తూ, తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల దరిదాపులకు దిగగానే కుక్కలను కడతాడు. ఆదిలాబాద్ అడవిపల్లెల్లో డిసెంబరు, జనవరి నెలల్లో పాదరసం ఆ గీత కిందికి దిగితే మనం నెగడు చుట్టూ చేరి, పాఠశాలల వేళలు మార్చాలని అడుగుతాం. ఆ కుక్కకు మాత్రం అది ఒళ్లు కదపడానికి వీలుచిక్కిన మొదటి రోజు. అప్పటికి నేలమీద మంచు ఉండదు కనుక జట్టును నాలుగు చక్రాల మోటారు వాహనానికి కట్టి, దాన్ని తక్కువ గేరులో ఉంచి మట్టిదారుల్లో లాగిస్తారు. వాహనం బరువు వేగాన్ని అదుపులో ఉంచుతుంది. దానివల్ల కండ గట్టిపడుతుంది, వేడి హద్దు దాటదు. మొదట నాలుగైదు కిలోమీటర్లతో మొదలైన పరుగు వారాల తరబడి కొంచెం కొంచెంగా పెరిగి, మంచు పడ్డాక బండిమీదికి మారి, నడిశీతాకాలానికి ఒకే విడతలో 70, 80 కిలోమీటర్లకు చేరుతుంది. మార్చి నాటికి ఒక్కో కుక్క రెండుమూడు వేల కిలోమీటర్లు పరుగెత్తి ఉండటం సాధారణమే.

ఎడ్లబండి ఎరిగినవారికి ఈ బండిలో తెలిసినవీ తెలియనివీ రెండూ కనిపిస్తాయి. మన దగ్గర దాపట ఎద్దు, ఎలపట ఎద్దు అని ఎలా ఏర్పరుస్తారో, అక్కడ కూడా నడుమ సాగే పొడవైన మోకుకు రెండువైపులా కుక్కలను వాటి స్వభావాన్ని బట్టి జతలుగా కడతారు. అన్నింటికంటే ముందు తెలివైన, మాట వినే జంట, బండికి ఆనుకొని బలమైన, బెదరని జంట ఉంటాయి. అయితే అక్కడ ముక్కుతాడు లేదు, పగ్గం లేదు, ముల్లుగర్ర లేదు. కుడికి 'జీ', ఎడమకు 'హా' అన్న కేకలు తప్ప ముందున్న కుక్కను తిప్పే సాధనం బండివాడి చేతిలో ఏదీ ఉండదు. లేత కుక్కను అనుభవమున్న కుక్క పక్కన కట్టడమే దానికి బడి. కోడెదూడను ముసలెద్దు సరసన కాడికి కట్టి అరకకు అలవాటుచేసిన మన తాతలకు ఈ పద్ధతిని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక తిండి విషయం. 11,000 కిలోక్యాలరీలను అన్నంతోనే ఇవ్వాలంటే మూడు కిలోలకు పైగా బియ్యం వండాలి, అది ఎనిమిది కిలోలకు మించిన అన్నమవుతుంది, పాతిక కిలోల కుక్క కడుపులో పట్టదు. అదే శక్తి సుమారు కిలోంబావు కొవ్వులో ఉంటుంది. కాబట్టి వాటి ఆహారంలో మాంసం, చేప, జంతువుల కొవ్వు ప్రధానమయ్యాయి. ఇందులో వంశపారంపర్యమైన అంశం కూడా ఉన్నది. వ్యవసాయం చేసే మనుషుల మధ్య పెరిగిన కుక్కల్లో పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైము జన్యువుకు ఎక్కువ నకళ్లు ఏర్పడినట్టు 2013లో తేలింది. ధ్రువప్రాంతపు కుక్కల్లో అవి తక్కువ. మన వీధికుక్క మిగిలిన అన్నంతో నెట్టుకురాగలగడం వెనుక ఈ చరిత్ర ఉన్నది. సైబీరియాకు ఉత్తరాన ఉన్న జోఖోవ్ దీవిలో దొరికిన 9,500 ఏళ్లనాటి కుక్క ఎముకల జన్యువులను పరిశీలించి 2020లో ప్రచురించిన పరిశోధన, నేటి గ్రీన్‌లాండ్ మంచుబండి కుక్కలు ఆ ప్రాచీన సంతతికి దగ్గరివని, కొవ్వును వాడుకోవడానికి అనువైన మార్పులు వాటిలో ఉన్నాయని చూపించింది.

కొవ్వే సర్వస్వమని మాత్రం అనుకోరాదు. రోజుకు 160 కిలోమీటర్ల చొప్పున వరుసగా పరుగెత్తించినప్పుడు కుక్కల కండరాల్లో నిలువ ఉండే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, మొదట బాగా తగ్గి, ఆ తర్వాత పరుగు ఆగకపోయినా మళ్లీ పుంజుకోవడం పరిశోధకులను ఆశ్చర్యపరిచింది. కండరాలు దెబ్బతిన్నాయనడానికి రక్తంలో కనిపించే గుర్తులు కూడా మొదటి రోజులకంటే తర్వాతి రోజుల్లో తగ్గాయి. కుక్కల శరీరం పిండిపదార్థాన్ని వదిలి కొవ్వును మండించడానికి మారిపోయిందని అప్పట్లో అందరూ అనుకున్నారు. కాని వెయ్యిమైళ్ల పందెం పరుగెత్తిన తర్వాత కుక్కలు పిండిపదార్థాన్ని మండించడం నిజానికి పెరిగిందని 2015లో వచ్చిన మరొక అధ్యయనం చెప్పింది. కొవ్వులోని గ్లిసరాల్ భాగాన్ని కాలేయం గ్లూకోజుగా మార్చుకోవడం అందుకు ఒక దారి. నాకు ఈ కథలో ఎక్కువ నచ్చినది ఇదే: తీరిపోయిందనుకున్న లెక్కను ఆ కుక్కలే మళ్లీ తెరిపించాయి.

ఈ శిక్షణకు పెద్ద పరీక్ష ఇడిటరోడ్ పందెం. ఇక్కడ మేడారం సమ్మక్క సారలమ్మ జాతర ముగిసి తాడ్వాయి అడవి మళ్లీ నిశ్శబ్దమయ్యాక కొద్ది వారాలకు, మార్చి మొదటి శనివారం అక్కడ అలాస్కాలోని యాంకరేజ్‌లో లాంఛనంగా బండ్లు కదులుతాయి; బేరింగ్ సముద్రతీరాన ఉన్న నోమ్ పట్టణం వరకు దూరం సుమారు 1,600 కిలోమీటర్లు. 1973లో నోమ్ వరకు జరిగిన మొదటి పందెంలో విజేతకు 20 రోజులు పట్టగా, 2017లో మిచ్ సీవీ 8 రోజుల 4 గంటలకు లోపే చేరాడు. ఇంత తేడా రావడానికి కుక్కలు అంతకు అంత వేగంగా పరుగెత్తడం ఒక్కటే కారణం కాదు. దారి మెరుగైంది, తిండి మెరుగైంది, అన్నింటికీ మించి పరుగుకు, నిద్రకు మధ్య పొత్తు కుదిరింది. నాలుగు నుంచి ఆరు గంటల పరుగు, ఇంచుమించు అంతే విశ్రాంతి అన్న లయను కుక్కలకు శీతాకాలమంతా అలవాటుచేస్తారు. ఒక 24 గంటల విరామం, రెండు 8 గంటల విరామాలు నియమాల ప్రకారమే తప్పనిసరి. 1925లో నోమ్ పిల్లలను కంఠసర్పి నుంచి కాపాడటానికి మందును 1,085 కిలోమీటర్లు మోసినప్పుడు కూడా, 20 మంది బండివారు ఒకరి తర్వాత ఒకరు అందుకోవడం వల్లనే అయిదున్నర రోజుల్లో ఆ పని పూర్తయింది. లోకానికి తెలిసిన బాల్టో చివరి విడత జట్టును నడిపిన కుక్క. అందరికంటే ఎక్కువ దూరం వెళ్లిన లియొనార్డ్ సెప్పాలా జట్టు ముందున్న టోగోకు పేరు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఈ పందేలను ఆక్షేపించేవారూ ఉన్నారు, వారి మాటకు ఆధారాలు లేకపోలేదు. పందెం పూర్తిచేసిన కుక్కల్లో దాదాపు సగానికి జీర్ణకోశంలో పుండ్లు ఏర్పడుతున్నాయని 2000 దశకం తొలినాళ్లలో తేలింది. అప్పటినుంచి ఆమ్లాన్ని తగ్గించే మందుల వాడకం పెరిగింది. ముందుగా గుండె పరీక్ష, రక్తపరీక్ష చేస్తారు, దారిపొడవునా పశువైద్యులు ఉంటారు, అలసిన కుక్కను బండివాడు మజిలీలో దించి వెనక్కి పంపవచ్చు. ఇన్ని ఏర్పాట్లున్నా 2024 పందెంలో 3 కుక్కలు చనిపోయాయి.

ఇప్పుడు అలాస్కాలోనే మంచు తగ్గుతున్నది. 2016లో యాంకరేజ్ వీధుల్లో లాంఛనపు ప్రారంభానికి సరిపడా మంచు లేక ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి రైలు వ్యాగన్లలో మంచును తెప్పించారు. కాజీపేట జంక్షన్లో బొగ్గు వ్యాగన్లను చూస్తూ పెరిగినవారికి ఆ దృశ్యాన్ని ఊహించుకోవడం కష్టమే. 2003, 2015, 2017, 2025 సంవత్సరాల్లో అసలు ప్రారంభాన్నే ఉత్తరాన ఉన్న ఫెయిర్‌బ్యాంక్స్‌కు మార్చవలసివచ్చింది. మంచు మెత్తబడితే బండి దిగబడుతుందన్నది పైకి కనిపించే ఇబ్బంది. పగటి ఉష్ణోగ్రత సున్నాకు చేరితే కుక్క వగర్పు చాలదన్నది లోపలి ఇబ్బంది. అటువంటి రోజుల్లో బండివారు మధ్యాహ్నమంతా కుక్కలను పడుకోబెట్టి రాత్రిపూట తోలుతారు. రోహిణి కార్తెలో ఎండెక్కకముందే అరక విప్పే మన రైతు చేసేదీ అదే.

ఏప్రిల్ ముగిసేసరికి అక్కడ దారులు బురదవుతాయి, కుక్కల ఒంటికి తగిలించే లాగుడు పట్టీలైన హార్నెస్‌లను కడిగి ఆరబెడతారు, కుక్కలు లోపలి బొచ్చును కుచ్చులు కుచ్చులుగా రాల్చుకుంటాయి. వడ్డేపల్లి కట్టమీది హస్కీ కూడా ఈ నెలలో బొచ్చు రాలుస్తున్నది. యువకుడు రోజూ దువ్వెనతో తీసి ఒక సంచిలో వేస్తున్నాడు. వేసవికి గుండు చేయిస్తే హాయిగా ఉంటుందని ఎవరో చెప్పారట. ఎండ నేరుగా చర్మాన్ని తాకకుండా అడ్డుకునేది ఆ పైబొచ్చే కనుక పశువైద్యుడు వద్దన్నాడని, నడక వేళను అయిదింటికి జరపమన్నాడని అతడు నాతో చెప్పాడు. మర్నాడు నేను ఆరింటికి వెళ్లేసరికి కట్టమీద వాళ్లిద్దరూ లేరు.