పన్నెండు మెట్లకు చిక్కని గాంధారం

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో రవీంద్రభారతిలోనో కచేరీ ఉంటే కాస్త ముందుగా వెళ్లండి. తెర లేవకముందు తంబురా శ్రుతి చేస్తుంటారు, చెవి పెట్టి వినండి. ముందు బిరడలు తిప్పుతారు. స్వరం దగ్గరకు వచ్చాక తీగలకున్న పూసల్ని గోటి మందం జరుపుతారు. ఆ తర్వాత తీగకూ దాన్ని మోసే గుర్రానికీ మధ్య ఉన్న సన్నని దారప్పోగును, అంటే జీవను, అటూ ఇటూ కదుపుతూ తీగ మీటుతారు. దారం సరైన చోటికి రాగానే అంతదాకా మొద్దుగా మోగిన తీగ ఝుమ్మని విచ్చుకుంటుంది. అందులోంచి ఎవరూ మీటని స్వరం ఒకటి వినబడుతుంది. అది అంతర గాంధారం, అంటే ‘గ’ స్వరాల్లో పైది. తంబురాకు ఉన్నవి నాలుగు తీగలు. ఒకటి పంచమం (ప), మిగతా మూడూ షడ్జాలు (స). గాంధారానికి తీగే లేదు.

మరి ఎక్కడిది? తీగ మొత్తంగా ఊగుతూనే సగాలుగా, మూడో వంతులుగా, నాలుగో వంతులుగా, ఐదో వంతులుగా కూడా ఊగుతుంది. ఇలా పుట్టేవి అనుస్వరాలు. ఐదున్నర శ్రుతిలో, అంటే హార్మోనియం ఐదో, ఆరో తెల్ల మెట్ల మధ్యనున్న నల్ల మెట్టును షడ్జం చేసుకుని పాడే గాయని వెనక తంబురా మంద్ర (కింది) షడ్జం సెకనుకు సుమారు 103.8 సార్లు కంపిస్తుంది. అందులో ఐదో అనుస్వరం దానికి సరిగ్గా ఐదు రెట్లు, అంటే దాదాపు 519. రెండు స్థాయిలు (ఒక షడ్జం నుంచి రెట్టింపు కంపించే పై షడ్జం దాకా ఒక స్థాయి) కిందికి దించి చూస్తే షడ్జానికి ఇది 5:4 నిష్పత్తిలో ఉంటుంది. మనం పాడే అంతర గాంధారం ఇదే. మామూలుగా తీగను ఎక్కడ మీటితే, ఆ చోట కదలకుండా ఉండాల్సిన అనుస్వరాలు మోగకూడదు. తంబురా, వీణల్లో అవి కూడా బలంగా మోగుతాయని సి.వి. రామన్ 1921లో ప్రచురించిన పత్రంలో చూపించారు. వెడల్పుగా, కాస్త వంపుగా ఉండే గుర్రం మీద తీగ ఒరుసుకుంటూ కంపించడమే దానికి కారణం. మన వాద్యకారులు ఈ గుర్రాన్ని ఫిజిక్స్ చదివి చెక్కలేదు, చెవితో చెక్కారు. నాకు ఇది చాలా గొప్ప సంగతి అనిపిస్తుంది.

ఇప్పుడు అదే ఐదున్నర శ్రుతికి కీబోర్డు మీద గాంధారం నొక్కి పట్టుకోండి. అది 523.25 దగ్గర మోగుతుంది. తంబురాది 519. రెండూ కలిసి మోగితే సెకనుకు నాలుగు సార్లు ధ్వని పెరిగి తగ్గుతూ అలలాడుతుంది. వీటినే విస్పందనాలు అంటారు. కీబోర్డు ఎంత కొత్తదైనా, ఎంత ఖరీదైనదైనా, సెట్టింగు మార్చకపోతే ఈ తేడా పోదు. తయారుచేసినవాళ్లు తెలిసే పెట్టిన తేడా అది. ఎందుకు పెట్టాల్సి వచ్చిందో తెలియాలంటే కొంచెం లెక్క చూడాలి.

చెవికి ఇంపుగా ఉండే నిష్పత్తులు చిన్న అంకెలతో ఉంటాయి. తార (పై) షడ్జం 2:1, పంచమం 3:2, శుద్ధ మధ్యమం (కింది ‘మ’) 4:3, అంతర గాంధారం 5:4. ఒక షడ్జం నుంచి పంచమం పట్టుకుని, ఆ పంచమాన్ని షడ్జం చేసుకుని దానికి పంచమం పట్టుకుని, అలా పోతూ ఉంటే స్థాయిలోని పన్నెండు మెట్లూ, అంటే స్వరస్థానాలూ, ఒక్కొక్కటిగా తగులుతాయి. పన్నెండోసారి మళ్లీ షడ్జానికే రావాలి. కానీ ఒకటిన్నరను పన్నెండు సార్లు గుణిస్తే 129.75 వస్తుంది. ఏడు స్థాయిలు పైకెక్కితే 128. దాదాపు కలిశాయి, కానీ కలవలేదు. ఇంకా ఓపిగ్గా ముందుకు పోతే కలుస్తాయేమో అనుకోవద్దు. మూడును ఎన్నిసార్లు హెచ్చించినా బేసి సంఖ్యే వస్తుంది, రెండును ఎన్నిసార్లు హెచ్చించినా సరి సంఖ్యే. బేసి ఎప్పటికీ సరి కాదు. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే ఈ కారణం వల్లే ప్రపంచంలో ఏ వాద్యాన్నీ అన్ని స్వరాలకూ, అన్ని శ్రుతులకూ నూటికి నూరు పాళ్లు శ్రుతి చేయలేం.

ఈ తేడాను కొలిచేందుకు అలెగ్జాండర్ ఎల్లిస్ అనే ఆంగ్లేయుడు 1885లో ఒక కొలమానం ఇచ్చాడు. ఒక స్థాయిని 1200 సెంట్లుగా విడగొట్టాడు. ఆ లెక్కన పంచమాల చుట్టు వేసినప్పుడు మిగిలే ముక్క సుమారు 23.5 సెంట్లు. ఇంకో ముక్క కూడా ఉంది. నాలుగు పంచమాల మీదుగా నడిచి గాంధారానికి వస్తే 81:64 వద్ద తేలతాం. తంబురా పాడే గాంధారం 80:64. ఈ రెండింటి మధ్య దూరం 81:80, అంటే 21.5 సెంట్లు. చరిత్రలో వాద్యాలు శ్రుతి చేసినవాళ్ల తిప్పలన్నీ ఈ రెండు ముక్కల్నీ ఎక్కడ దాచాలి అన్నదాని చుట్టూనే తిరిగాయి.

ఐరోపాలో పదహారు, పదిహేడు శతాబ్దాల ఆర్గన్లకు ఒక పద్ధతి వాడేవారు. గాంధారాలు శుద్ధంగా రావడానికి పదకొండు పంచమాలను ఒక్కోటి ఐదు సెంట్లకు పైగా తగ్గించేవారు. తగ్గించినదంతా పోగై పన్నెండో పంచమం మీద పడేది. అది దాదాపు 36 సెంట్లు ఎక్కువై ఊళ పెట్టేది. అందుకే దానికి తోడేలు పంచమం అని పేరు. ఆ జోలికి పోకుండా వాయించుకున్నంత కాలం సంగీతం తియ్యగానే ఉండేది. 1581లో విన్సెంజో గెలీలీ ల్యూట్ అనే తీగవాద్యానికి ఒక్కో మెట్టునూ 18:17 నిష్పత్తిలో కట్టవచ్చని రాశాడు. శాస్త్రవేత్త గెలీలియోకి ఈయన తండ్రి. 18:17 అంటే 99 సెంట్లు, సమానంగా పంచిన మెట్టుకు, అంటే 100 సెంట్లకు, ఒక్క సెంటు మాత్రమే తక్కువ. చైనాలో మింగ్ వంశపు రాకుమారుడు జు జైయు 1584లో అసలు లెక్కే తేల్చాడు. పన్నెండు సార్లు గుణిస్తే సరిగ్గా రెండు రావాల్సిన సంఖ్యను పట్టుకున్నాడు. అది 1.05946. ఈ రోజు కీబోర్డు మీద ఏ మెట్టు నుంచి పక్క మెట్టుకు వెళ్లినా దూరం అంతే.

ఈ సమాన విభజనలో మిగులు ముక్కను పంచమాలన్నీ సమంగా పంచుకున్నాయి. పంచమం రెండే సెంట్లు తగ్గింది, ఎవరి చెవికీ పెద్దగా అందదు. దెబ్బంతా గాంధారం మీద పడింది. 386 సెంట్ల దగ్గర ఉండాల్సిన అంతర గాంధారం 400కి ఎక్కింది. 316 దగ్గర ఉండాల్సిన సాధారణ గాంధారం (అంతర గాంధారానికి కింది ‘గ’) 300కి దిగింది. ఇందుకు ప్రతిఫలంగా దొరికింది ఏమిటంటే, ఏ మెట్టునైనా షడ్జం చేసుకోవచ్చు. పాట మధ్యలో షడ్జం మార్చుకుంటూ పోయే సంగీతానికి ఇది నిజంగా వరం. మన కచేరీలో మాత్రం మొదటి వర్ణం నుంచి మంగళం దాకా షడ్జం కదలదు. కదలని షడ్జం ఉన్నవాళ్లకు ఆ ప్రతిఫలం అక్కరలేదు. అక్కరలేనిదాని కోసం గాంధారాన్ని వదులుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

మనవాళ్లకు ఈ చిక్కు తెలియదని కాదు. భరతుడి నాట్యశాస్త్రంలో రెండు వీణల ప్రయోగం ఉంది. రెండింటినీ ఒకేలా శ్రుతి చేసి, ఒకదాన్ని అలాగే ఉంచుతారు, అది ధ్రువవీణ. రెండోది చలవీణ. చలవీణ పంచమాన్ని ఒక్క శ్రుతి (ఇక్కడ శ్రుతి అంటే స్వరాల మధ్య దూరాన్ని కొలిచే చిన్న మెట్టు) తగ్గించి, మిగతా స్వరాలన్నిటినీ అదే మేరకు దించుతారు. ఇలా నాలుగు విడతలు. రెండో విడతకు చలవీణ గాంధార నిషాదాలు ధ్రువవీణ రిషభ ధైవతాల్లో కలిసిపోతాయి. మూడో విడతకు రిషభ ధైవతాలు షడ్జ పంచమాల్లో కలుస్తాయి. నాలుగో విడతకు షడ్జ మధ్యమ పంచమాలు తమ కింది స్వరాల్లో చేరతాయి. కొలబద్ద లేకుండా, రెండు స్వరాలు ఒకటైనప్పుడు చెవికి తెలిసే తెలివిడి ఒక్కదానితో స్థాయికి 22 శ్రుతులని తేల్చే ప్రయోగం ఇది.

విజయనగరంలో అళియ రామరాయల కాలంలో రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి రాశాడు. వీణకు మెట్లు ఎలా కట్టాలో అందులో వివరంగా చెప్పాడు. ఒకే రాగానికి పనికొచ్చేలా మెట్లు అమర్చే వీణా, అన్ని రాగాలకూ పనికొచ్చేలా అమర్చే వీణా వేరువేరని చెప్పాడు. అన్ని రాగాలకూ అనేసరికి మెట్లు ఒకదానికొకటి మరీ దగ్గరైపోతాయి. అందుకని అంతర గాంధారానికి వేరే మెట్టు వేయకుండా, దాని పక్కన, మధ్యమానికి కాస్త కిందుండే చ్యుత మధ్యమ గాంధారపు మెట్టునే ప్రతినిధిగా వాడుకోమన్నాడు. కాకలి నిషాదానికీ (పై ‘ని’కీ) అలాగే. సర్దుబాటు మనకు బయటి నుంచి వచ్చిన సరుకని అనుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఈ రోజు వీణ చూడండి. 24 మెట్లు, వాటి మీద నాలుగు తీగలు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. ఒక్కో మెట్టు నాలుగు తీగల కిందా అడ్డంగా పోతుంది. సారణి మీద రెండో మెట్టును 9:8 వద్ద చతుశ్రుతి రిషభానికి (షడ్జం నుంచి రెండో మెట్టు ‘రి’కి) సరిగ్గా కట్టారనుకుందాం. అదే మెట్టు పంచమం తీగ మీద ధైవతం పలకాలి. 3:2ని 9:8తో గుణిస్తే 27:16, అంటే 906 సెంట్లు. సారణి మీద తొమ్మిదో మెట్టు దగ్గర కోరుకునే ధైవతం 5:3, అంటే 884. ఒకే ధైవతం, రెండు తీగల మీద రెండు చోట్ల, మధ్యలో 21.5 సెంట్లు. పైన చెప్పిన 81:80 ముక్క మళ్లీ ఇక్కడ తలెత్తింది. మెట్లు కట్టే మనిషి ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట ఒప్పందం కుదర్చాలి. తీగను పక్కకు లాగితే స్వరం పెరుగుతుంది గాని తగ్గదు, అది కూడా చూసుకోవాలి. అదృష్టవశాత్తూ మెట్లు మేకులతో కొట్టినవి కావు. తేనెమైనంలో మసి కలిపిన నల్లటి ముద్ద మీద అమర్చినవి. ముద్దను వేడిచేసి మెత్తబరిచి, మెట్టును వెంట్రుకవాసి జరిపి, తీగ మీటి, విని, మళ్లీ జరుపుతారు. హైదరాబాద్ మే నెల ఎండలో మూసిన కారులో వీణను వదిలేస్తే ఈ పనంతా వృథా. మైనం కరగడానికి 62 డిగ్రీలు దాటాలి గాని మెత్తబడటానికి అంత అక్కర్లేదు.

హార్మోనియంలో ఇలాంటి వెసులుబాటు లేదు. లోపల ఇత్తడి రీడ్లు, అంటే గాలికి ఊగి మోగే సన్నని రేకులు ఉంటాయి. రీడు కొన దగ్గర గీకితే కొన తేలికై స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే బిగువు తగ్గి స్వరం దిగుతుంది. గీకిన ఇత్తడి మళ్లీ రాదు కాబట్టి రిపేరు చేసేవాళ్లు సన్నని ఆకురాయితో ఒక్క గీత గీసి, మళ్లీ బిగించి వింటారు. ఒకటో శ్రుతి షడ్జం, దాని గాంధారం కలిపి నొక్కితే సమాన విభజనలో సెకనుకు పదికి పైగా విస్పందనాలు వస్తాయి. హార్మోనియం గరుకుగా ఉందని కొందరికి అనిపించడానికి సగం కారణం ఇదే. రెండో కారణం గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, కుదరకపోవడం. తోడి రాగంలో గాంధారం రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. దానికి ఒక మెట్టు కేటాయించడమే కుదరదు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించి, 1971 దాకా ఆ నిషేధాన్ని సడలించలేదు. నా వరకు అది మితిమీరిన కోపమే. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో కవ్వాలీ విన్నవాళ్లకు ఆ పెట్టె గొంతుకు ఎంత దన్నుగా నిలుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. అసలు మనం శ్రుతులను లెక్కించే తీరే హార్మోనియం నుంచి వచ్చింది. తెల్ల మెట్లు ఒకటి, రెండు, మూడు. నల్లవి ఒకటిన్నర, రెండున్నర. మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టు లేదు కనుక మూడున్నర శ్రుతి అనే మాటే ఎవరి నోటా రాదు.

నాకు అసలు బాధ సంగీతం నేర్చుకునే పిల్లల విషయంలో ఉంది. నగరంలో చాలా ఇళ్లలో ఇప్పుడు ఫోన్‌లో తంబురా యాప్, పక్కనే కీబోర్డు, ఇంకో ఫోన్‌లో స్వరం కొలిచే యాప్ ఉంటున్నాయి. తంబురాతో చక్కగా కలిసేలా బిడ్డ అంతర గాంధారం నిలిపిందనుకోండి, కొలిచే యాప్‌లో ముల్లు 14 సెంట్లు కిందికి చూపిస్తుంది. ఎందుకంటే దానికి తెలిసింది సమాన విభజన ఒక్కటే. తల్లిదండ్రులు ‘ఇంకొంచెం పైకి’ అంటారు. సరిగ్గా ఉన్న స్వరాన్ని బిడ్డ చెడగొట్టుకుంటుంది. శంకరాభరణంలోనో మోహనలోనో గాంధారం మీద నిలబడినప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. ముల్లు కంటే తంబురాకే మాట చెల్లాలి.

కీబోర్డు వాడక తప్పని ఇళ్లలో ఒక మార్గం ఉంది. చాలా కీబోర్డుల్లో స్కేల్ ట్యూనింగ్ అనే సెట్టింగు ఉంటుంది, స్థాయిలోని ఒక్కో మెట్టునూ విడిగా సెంట్లలో సవరించుకోవచ్చు. మీ షడ్జాన్ని సున్నా దగ్గర ఉంచి చతుశ్రుతి రిషభాన్ని 4 పెంచండి, అంతర గాంధారాన్ని 14 తగ్గించండి, శుద్ధ మధ్యమాన్ని 2 తగ్గించండి, పంచమాన్ని 2 పెంచండి, చతుశ్రుతి ధైవతాన్ని 16, కాకలి నిషాదాన్ని 12 తగ్గించండి. తంబురా పెట్టుకుని షడ్జ గాంధారాలు కలిపి నొక్కితే అలలాట ఆగిపోతుంది. శ్రుతి మార్చి పాడాల్సి వస్తే ఈ అంకెలన్నీ కొత్త షడ్జం నుంచి లెక్కగట్టి మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి.