గోడ బూజుకి నంబరు ఉందా?

నెల్లూరు

పాపకీ చిన్నోడికీ,

మొన్న ఫోన్‌లో పాప అడిగింది: "తాతయ్యా, నాన్నమ్మకి షుగర్ చూసినట్టు మా గోడ బూజుక్కూడా టెస్టు చేసి నంబరు చెప్పొచ్చు కదా?" ఇన్నేళ్ళు ల్యాబ్‌లో పనిచేసినవాణ్ణి, ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను.

2021 నవంబరులో పెన్న పొంగి ఇంట్లోకి నీళ్ళొచ్చాక, మా పడమటి గోడ సంక్రాంతికి కూడా ఆరలేదు. మంచం వెనక సున్నం పొక్కులు లేచి, కింద నల్లటి చుక్కలు. వేలితో రాస్తే మసిలా అంటింది. మూలన వేలాడే సాలెగూడునీ మనం బూజే అంటాం గానీ ఇది వేరు. పచ్చడి జాడీలో తడి గరిటె పెడితే వచ్చేది ఇదే, శిలీంధ్రం. దీని సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లాంటి కంటికి కనపడని కణాలు, గాల్లో తేలుతూ ముక్కులోకి పోతాయి.

వాటిని పట్టే పాత పద్ధతి గాలిని లెక్కప్రకారం పీల్చడం. ఆండర్సన్ పరికరం నిమిషానికి 28.3 లీటర్ల గాలిని సన్నటి చిల్లుల గుండా లాగి, బూజు మొలవడానికి అగర్ అనే జెల్లీ పోసిన పెట్రీ డిష్ అనే చిన్న పళ్ళెం మీదికి కొడుతుంది. ఆ డిష్‌ని వెచ్చగా ఉంచితే మూడో రోజుకి తెల్లటి నూగు, వారానికి మధ్యలో ఆకుపచ్చ పొడి. నాకు భలే ఇష్టమైన పని అది. ఒక్కో మచ్చ ఒక్కో లెక్క. కానీ బతికున్నవే మొలుస్తాయి. చచ్చిన బీజం కూడా అలర్జీ తెస్తుంది, అది ఈ లెక్కలోకి రాదు. తడి గోడని పట్టే స్టాకీబోట్రిస్ అనే నల్ల బూజైతే జిగురుగా ఉండి గాల్లోకి తొందరగా లేవదు. గోడంతా అదే ఉన్నా డిష్‌లో కనపడకపోవచ్చు.

అదే గాలిని జిగురు గాజుపలక మీద పట్టి మైక్రోస్కోప్‌లో చూస్తే చచ్చినవీ తెలుస్తాయి. అక్కడ ఆస్పర్‌జిల్లస్, పెనిసిలియం అనే రెండు రకాల బూజుల బీజాలూ గుండ్రంగా ఒకేలా ఉండి, ఏది ఏదో చెప్పలేం.

ఇంకో చిక్కు చూడండి. ఈ పరీక్షలన్నీ కొద్ది నిమిషాల గాలివి. ఆ టైంలో చిన్నోడు మంచం మీద గెంతితే లెక్క మారిపోతుంది. అందుకే నాకు బీరువా మీది దుమ్ము మీద నమ్మకం ఎక్కువ. నెలల తరబడి గదిలో తేలినదంతా అక్కడ దిగి ఉంటుంది. అందులోని డీఎన్ఏని బట్టి జాతులు చెప్పొచ్చు. అమెరికా పర్యావరణ సంస్థ వాళ్ళు 36 జాతులతో అలాంటి సూచిక తయారుచేశారు. బూజు కణాల గోడలో ఉండే గ్లూకాన్ అనే పదార్థాన్నీ కొలుస్తారు. దానికి వాడేది గుర్రపు నాడా ఆకారంలో ఉండే సముద్ర జీవి రక్తం నుంచి తీసిన మందు. ఆ రక్తానికి గ్లూకాన్ తగిలితే గడ్డకట్టే గుణం ఉంది.

ఇక పాప ప్రశ్న. పరగడుపున 126, అంతకు మించితే షుగర్ అంటాం. బూజుకి అలాంటి గీత లేదు. కోతలప్పుడు బయటి గాల్లోనే బీజాలు విపరీతంగా ఉంటాయి, అందుకే లోపలి గాలిని పట్టిన రోజే బయటి గాలినీ పట్టి పోలుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఇంతవరకు ఫర్వాలేదనే నంబరు ఇవ్వలేదు, చెమ్మనే పోగొట్టమంది.

మీ ఒంగోలు ఇంట్లో ట్యాంకు పైపు కారుతోందని నాన్న అన్నాడు. ఈ వారమే ప్లంబర్ని పిలిపించమనండి. గోడని పొడిగా దులపొద్దు, లేచిందంతా గాల్లోకే వస్తుంది. ముక్కుకి మాస్కు కట్టుకుని తడిగుడ్డతో సబ్బునీళ్ళు పెట్టి తుడవమనండి. ఆ పూట చిన్నోడు, దగ్గుతో ఉన్నాడు కాబట్టి, అత్తయ్య వాళ్ళింట్లో ఉండాలి.

మీ తాతయ్య