అట్ట చెక్కు గొడవ ఎక్కడ మొదలైందంటే

విజయవాడ గాంధీనగర్‌లో మొన్న ఒక పాత కళాకారుడికి సాయంగా పెట్టిన సంగీత విభావరి ఫోటో మీ ఫోనుకి కూడా వచ్చే ఉంటుంది. 30 ఏళ్ళు హార్మోనియం వాయించిన పెద్దాయన, ఆయన కంటే వెడల్పుగా ఉన్న అట్ట చెక్కు, చెరో కొసా పట్టుకుని నవ్వుతున్న దాతలు. ఆయన చూపు మాత్రం చెక్కు మీది అంకె దగ్గరే ఉంది. ఆ ఫోటో తీసెయ్యమని కొడుకు అడిగాడు, నిర్వాహకులు కుదరదన్నారు, అప్పటి నుంచి కళాకారుల గ్రూపుల్లో రోజూ ఇదే రచ్చ.

బాలమురళిగారు ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీ, 1948 నాటి ఆకాశవాణి, బెజవాడ సంగీత వైభవం, ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేద్దాం. ఈ గొడవకి పనికొచ్చేది చదివింపుల సంగతి. గుంటూరు, కృష్ణా పల్లెల్లో పద్యనాటకం చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రాగం పైకి వెళ్ళి దిగాక వన్స్‌మోర్ పడుతుంది, ముందు వరసలోంచి ఎవరో నోటు పంపిస్తారు, మైకులో "ఫలానా ఊరు ఫలానావారు, హార్మోనిస్టుగారికి నూటపదహార్లు" అని చదువుతారు. నాటకం ఆగిపోయేది, విసుగే, కానీ ఎవరు ఎంతిచ్చారో ఊరంతా వినేది, దాన్ని దానం అని ఎవరూ అనేవారు కాదు. కష్టంలో ఉన్నవాడి కోసం వేసే బెనిఫిట్ నాటకానికైనా టికెట్టు కొన్నవాడు నాటకం చూసి వెళ్ళిపోయేవాడు, డబ్బు తర్వాత కవర్లో ఇంటికి చేరేది. (ఇప్పుడు బెనిఫిట్ షో అంటే తెల్లవారుజామున హీరో సినిమా, ఎక్కువ రేటు టికెట్టు. ఆ బెనిఫిట్ ఎవరికో అడక్కండి.)

నా లెక్కలో అంతా తిరగబడింది 2020లో. ఆ ఏడు ఉగాదీ లాక్‌డౌనూ ఒకే రోజు వచ్చాయి, మార్చి 25న. వారం తిరిగితే శ్రీరామనవమి పందిళ్ళు, ఆపైన పెళ్ళిళ్ళు, అంటే ఆర్కెస్ట్రాలకీ సన్నాయి మేళాలకీ ఏడాది తిండి పెట్టే రోజులు. ఇచ్చిన అడ్వాన్సులు వెనక్కి అడిగారు. తర్వాత పెళ్ళికి 50 మందిని అనుమతించారు గానీ ఆ యాభైలో మేళం వాళ్ళని ఎవరు లెక్కేస్తారు? నాకు తెలిసిన ఒకాయన తను వాయించే రిథమ్ ప్యాడ్స్ అమ్మేసి కూరగాయల బండి పెట్టాడు.

సాయం ఫోన్లోకి వచ్చింది కూడా అప్పుడే. సభ లేదు, టికెట్టు లేదు, మైకు లేదు, ఉన్నదల్లా ఒక క్యూఆర్ కోడు. దాతకి పాట వినిపించే దారి లేదు కాబట్టి బియ్యం బస్తా పక్కన కళాకారుణ్ణి నిలబెట్టి చూపించారు. అందులో దుర్బుద్ధి ఏమీ లేదు, ఆ నెలల్లో ఆ ఫోటోల వల్లే చాలా ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. హాళ్ళు తెరిచాక కూడా అలవాటు పోలేదు, అదీ చిక్కు. ఒకప్పుడు ఇచ్చినవాడి పేరు మైకులో, కష్టంలో ఉండి పుచ్చుకున్నవాడిది గుట్టుగా. ఇప్పుడు ఎవరెంత వేశారో ఒక్క ఫోనుకే తెలుసు, పుచ్చుకున్నవాడి మొహం మాత్రం ఊరందరికీ తెలుసు.

నిర్వాహకుల మాట ఏమిటంటే, ఫోటో లేకపోతే వచ్చేసారి దాతలు రారు, నగదు 2,000 దాటితే పన్ను రాయితీ రాదు గనక అందరూ ఆన్‌లైన్లోనే వేస్తున్నారు, ఇంక మైకులో చదివేదేముంది అని. ఆన్‌లైన్లో వచ్చింది మైకులో చదవకూడదని ఎవరన్నారో మరి.

వాయించినవాళ్ళ బాధ వేరు. ఆ రాత్రి కీబోర్డు, తబలా, రిథమ్ అందరూ ఊరికే వాయించారు. సౌండుకీ లైటింగ్‌కీ హాలుకీ మాత్రం పైసలతో సహా కట్టారు. "మనవాడి కోసం వాయించాం, దానికేం లేదు, ఖర్చులు పోను ఎంత మిగిలిందో చెప్పడానికేం?" అని తబలా ఆయన గ్రూపులో అడిగాడు. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. వీళ్ళలో చాలామందికి యాభై దాటాయి. డప్పు కళాకారులకి రాష్ట్ర పింఛను ఉంది, 2024 జులై నుంచి నెలకు 4,000. కేంద్రం ఇచ్చే వృద్ధ కళాకారుల సాయానికి 60 నిండాలి. పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించే యాభై అయిదేళ్ళవాడు రెండింటికీ అందడు. రేపు ఆ అట్ట వెనక నిలబడేది తామేనని వాళ్ళకి తెలుసు, అందుకే ఇంత పట్టుదల.

ఇది రాసేటప్పటికి ఫోటో అలాగే ఉంది. పెద్దాయన దాని గురించి ఒక్క మాటా అనలేదట. హార్మోనియం రీడ్లు బాగు చేయించడానికి గుంటూరు వెళ్ళారని, అసలు చెక్కు ఇంకా బ్యాంకులో వెయ్యలేదని కొడుకు చెప్పాడు.