అరువు గ్లవ్స్, పాత అనుమానాలు

2025 జనవరి 21న లిస్బన్‌లో బార్సిలోనా ఫుట్‌బాల్ మ్యాచ్. మనకు అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకు మొదలైంది. అరగంటకే బెన్‌ఫికా స్ట్రైకర్ పావ్లిదిస్ మూడు గోల్స్ కొట్టేశాడు. ఒకటేమో మన కీపర్ వోయ్‌చెహ్ ష్చెన్స్‌నీ గోల్ వదిలి పరుగెత్తుకొచ్చి సొంత డిఫెండర్ బాల్దేనే గుద్దేసినందుకు, ఇంకొకటి ఆయన చేతులారా ఇచ్చిన పెనాల్టీకి. చివరికి 5-4తో గెలిచాం, అది వేరే కథ. ఆ రాత్రి ఆయన్ని తిట్టుకోని బార్సా అభిమాని ఉండడు. నేనూ తిట్టాను.

అనుమానం అప్పుడు పుట్టింది కాదు. 2024 సెప్టెంబరు 22న విల్లారియల్‌లో మా మొదటి కీపర్ టెర్ స్టెగెన్ మోకాలి చిప్ప దగ్గరి స్నాయువు తెగింది. సీజన్ దాదాపు పోయినట్టే. ఆటగాళ్లను కొనుక్కునే గడువు, అంటే ట్రాన్స్‌ఫర్ విండో, మూసేశారు కాబట్టి ఏ క్లబ్‌తోనూ కాంట్రాక్టు లేని ఆటగాడే కావాలి. అలా దొరికినవాడు ష్చెన్స్‌నీ. యువెంటస్ నుంచి బయటికొచ్చి, ఆగస్టు 27న రిటైర్మెంట్ ప్రకటించిన మనిషి. 34 ఏళ్లు. సిగరెట్ అలవాటును దాచుకునే రకం కూడా కాదు. అక్టోబరు 2న సంతకం చేశాడు. మొదటి మ్యాచ్ మాత్రం జనవరి 4న, అదీ కింది డివిజన్ జట్టు బర్బాస్ట్రోతో. ఎనిమిది రోజులకు స్పానిష్ సూపర్ కప్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ స్ట్రైకర్ ఎంబాపేను పడగొట్టి రెడ్ కార్డ్ తెచ్చుకున్నాడు. ఇంత చూశాక టెన్షన్ పడకుండా ఎలా?

స్పెయిన్‌లో విండో బయట ఆటగాణ్ని తెచ్చుకోవడం ఇంత ఇరుకుగా మారడానికి కొంత కారణం బార్సానే. 2020 ఫిబ్రవరిలో తన ఆటగాడు డెంబెలే గాయాన్ని చూపించి, లెగానెస్ స్ట్రైకర్ బ్రైత్‌వైట్‌ను 1.8 కోట్ల యూరోల రిలీజ్ క్లాజ్ (కాంట్రాక్టులో రాసిన విడుదల ధర) కట్టి లాగేసుకుంది. పెద్ద క్లబ్‌కు గాయం అయితే, చిన్న క్లబ్‌కు స్ట్రైకర్ పోయాడు. లెగానెస్‌కు అతని బదులు మరొకర్ని కొనుక్కునే వీలు కూడా లేదు. ఆ సీజన్లో వాళ్లు ఒక్క పాయింట్ తేడాతో రెండో డివిజన్‌కు పడిపోయారు. గొడవయ్యాక ఆ దారి మూసేశారు.

ఇంగ్లండ్‌లో ఈ కథలు ఇంకా పాతవి. 1999లో ట్రాన్స్‌ఫర్ గడువు దగ్గర పడుతుండగా కార్లైల్ యునైటెడ్ తన పాత కాపు టోనీ కేగ్‌ను బ్లాక్‌పూల్‌కు అమ్మేసింది. లోన్ మీద, అంటే అరువుగా, వచ్చిన కుర్ర కీపర్‌ను అతని సొంత క్లబ్ డెర్బీ వెనక్కి పిలిపించుకుంది. గోల్‌లో నిలబడే మనిషి లేడు. లీగ్ దగ్గర ప్రత్యేక అనుమతి తీసుకుని స్విండన్ నుంచి జిమ్మీ గ్లాస్‌ను తెచ్చారు. మే 8న, సీజన్ చివరి మ్యాచ్‌లో, ప్లిమత్ మీద 1-1. గెలవకపోతే 1928 నుంచి ఆడుతున్న ఫుట్‌బాల్ లీగ్ నుంచి క్లబ్ బయటికి పోతుంది. ఇంజురీ టైమ్ నాలుగో నిమిషంలో కార్నర్‌కు పైకి పరుగెత్తి, కీపర్ తోసిన బంతిని గ్లాస్ నెట్‌లోకి తన్నాడు. గట్టెక్కామనుకుని అప్పటికే సంబరాల్లో మునిగిన స్కార్‌బరో క్లబ్ బదులుగా కింద పడింది. గ్లాస్ కార్లైల్‌కు ఆడింది మూడే మ్యాచ్‌లు. తర్వాత టాక్సీ నడుపుకున్నాడు.

ఆ గోల్ గురించి అందరూ చెబుతారు. గడువు ముందు కీపర్‌ను అమ్మిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. నాకు ఆ కథలో అదే ముఖ్యం. అభిమాని అనుమానం కొత్తగా వచ్చిన కీపర్ మీద పడుతుంది. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకునే పరిస్థితి అంతకు ముందే, విండో తెరిచి ఉన్నప్పుడే తయారవుతుంది.

2010 మాంచెస్టర్ సిటీ సంగతి చూడండి. ఏప్రిల్ 24న ఆర్సెనల్ మైదానంలో షే గివెన్ భుజం జారింది. రెండో కీపర్ స్టువర్ట్ టేలర్ అప్పటికే గాయంతో ఉన్నాడు. ఫారో దీవుల కుర్రాడు గున్నర్ నీల్సన్ దిగి ఆ మ్యాచ్ గట్టెక్కించాడు. అసలు సిటీ సొంత కీపర్ జో హార్ట్ ఆ ఏడాది ఇంగ్లండ్‌లో మేటి కీపర్లలో ఒకడు, కాకపోతే బర్మింగ్‌హామ్ గోల్‌లో! సీజన్ మొత్తానికి లోన్ మీద పంపేశారు. దాంతో సండర్‌ల్యాండ్ నుంచి హంగరీ కీపర్ మార్టన్ ఫులోప్‌ను అత్యవసరంగా తెచ్చారు.

ఆస్టన్ విల్లా మీద 3-1తో గెలుపు. తర్వాత మే 5న టాటెన్‌హామ్‌తో మ్యాచ్, నాలుగో స్థానం, అంటే చాంపియన్స్ లీగ్ బెర్త్, దాని మీదే. ఫులోప్‌కు ముందు రోజే 27 నిండాయి. తమాషా ఏమిటంటే, అతన్ని ఇంగ్లండ్‌కు తెచ్చింది టాటెన్‌హామే, ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండా సాగనంపిందీ వాళ్లే. 82వ నిమిషంలో టాటెన్‌హామ్ ఆటగాడు కబుల్ క్రాస్‌ను ఫులోప్ చేత్తో తోశాడు, అది నేరుగా వాళ్ల స్ట్రైకర్ క్రౌచ్ తలకే వెళ్లింది. 0-1. సిటీ ఐదో స్థానం. తప్పు ఫులోప్ ఖాతాలో పడింది. హార్ట్‌ను పంపిన నిర్ణయం ఎవరి ఖాతాలో పడాలి?

రెండేళ్ల తర్వాత సీజన్ చివరి రోజున అదే ఫులోప్ వెస్ట్ బ్రామ్ గోల్‌లో నిలబడి ఆర్సెనల్‌కు మూడు గోల్స్ ఇచ్చాడు, వాటిలో తన పొరపాట్లూ ఉన్నాయి. ఆర్సెనల్ ఆ గెలుపుతో మూడో స్థానం నిలబెట్టుకుంది, టాటెన్‌హామ్ ఒక్క పాయింట్ తేడాతో నాలుగో స్థానంలోనే ఆగిపోయింది. వారం తిరక్కుండా చెల్సీ చాంపియన్స్ లీగ్ కప్పు గెలిచి, టాటెన్‌హామ్‌కు రావాల్సిన చోటూ లాగేసుకుంది. ఫులోప్ 2015 నవంబరులో క్యాన్సర్‌తో పోయాడు, 32 ఏళ్లకే.

2016 నుంచి ఇంగ్లండ్ కింది డివిజన్లలో విండో బయటి లోన్లు ఆగిపోయాయి. గోల్‌కీపర్‌కు మాత్రం వారం రోజుల అత్యవసర లోన్ ఉంచారు. సెంటర్ బ్యాక్ లేకపోతే ఫుల్ బ్యాక్‌ను జరుపుతారు, గోల్‌లోకి ఎవర్ని జరుపుతారు?

మళ్లీ బార్సా దగ్గరికి వస్తే, 2023-24లోనే టెర్ స్టెగెన్ వెన్నునొప్పితో దూరమైతే ఇన్యాకి పెన్యా ఆడాడు. విల్లారియల్ ఐదు, సూపర్ కప్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ నాలుగు కొట్టాయి. అయినా 2024 వేసవిలో గోల్ కోసం ఎవర్నీ కొనలేదు. ఇక ష్చెన్స్‌నీ ఏప్రిల్ 15న డార్ట్‌ముండ్‌లో ఓడేదాకా బార్సాకు ఆడిన ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. మార్చిలో అదే లిస్బన్‌లో, పది మందితో, బెన్‌ఫికాను ఆపి 1-0తో గట్టెక్కించాడు. స్పెయిన్ లీగ్, కోపా (స్పెయిన్ కప్పు) రెండూ వచ్చాయి. నా తిట్లు నేను వెనక్కి తీసుకున్నాను, కొన్ని తప్ప.

2025 జూన్‌లో క్లబ్ ముందే మేలుకుని ఎస్పాన్యోల్ నుంచి జోన్ గార్సియాను కొన్నది. ష్చెన్స్‌నీకి 2027 దాకా కాంట్రాక్టు పొడిగించింది. సెప్టెంబరు చివర్లో గార్సియా మోకాలికి ఆపరేషన్ పడింది. ఈసారి రిటైరైన వాళ్ల ఫోన్ నంబర్లు వెతకాల్సిన పని లేకపోయింది. గ్లవ్స్ తొడుక్కుని బెంచీ మీంచి లేచినవాడు ష్చెన్స్‌నీయే.