థాయ్‌లాండ్ తొలి విహారం: కోనసీమలో వినబడే అపోహలు, వాస్తవాలు

కోనసీమలో పాస్‌పోర్టు కొత్త వస్తువేమీ కాదు. కువైట్, దుబాయ్, మస్కట్ దారి తెలియని ఊరు ఇక్కడ అరుదు. అయితే ఆ దారులన్నీ బతుకుతెరువు కోసం పట్టినవి. ఇంటిల్లిపాదీ కలిసి సరదాగా విదేశం వెళ్లడం ఈమధ్యే మొదలైంది. అమలాపురంలో మా ట్రావెల్స్ ఆఫీసుకు అలా వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది థాయ్‌లాండే. నాలుగు రోజులు బ్యాంకాక్, ఆపైన ఏదో ఒక దీవి. కోరిక బాగానే ఉంటుంది కానీ, ప్లాన్ వేసే వరుసే తలకిందులుగా ఉంటుంది. ముందు ఆఫర్ ధర చూస్తారు, తర్వాత ఊళ్ల జాబితా రాస్తారు, టికెట్లు కొన్నాక వాతావరణం గురించి అడుగుతారు. నేను చెప్పే వరుస వేరు. ముందు నెల తేల్చుకోండి. నెలను బట్టి తీరం, తీరాన్ని బట్టి ఊళ్లు. ధర దగ్గర బేరం ఆ తర్వాత ఎలాగూ ఉంటుంది.

అపోహ: మనకు వానలు ఎప్పుడో, వాళ్లకూ అప్పుడే.

థాయ్‌లాండ్‌కు రెండు సముద్రాలు, రెండు వానాకాలాలు. పడమటి వైపు అండమాన్ సముద్రం: ఫుకెట్, క్రాబీ, ఫీఫీ, లాంటా దీవులు. తూర్పున థాయ్‌లాండ్ సింధుశాఖ: సముయ్, ఫంగన్, తావ్ దీవులు. నైరుతి రుతుపవనాలు మే నుంచి అక్టోబరు దాకా పడమటి తీరాన్ని తడుపుతాయి. ఆ నెలల్లో తూర్పు దీవులు చాలావరకు తెరిపిగా ఉంటాయి. అక్టోబరు ఆఖరుకు పరిస్థితి తారుమారవుతుంది. ఈశాన్య గాలులు మొదలై డిసెంబరు దాకా సముయ్ వైపు ముంచెత్తుతాయి. అక్కడ అన్నిటికన్నా వానలెక్కువ పడే నెల నవంబరు.

నవంబరు సంగతి మన డెల్టావాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6 తుపాను రాత్రిని ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. అంతకు ఏడేళ్ల ముందు, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన ‘గే’ తుపాను పుట్టింది ఈ థాయ్ సింధుశాఖలోనే. అక్కడి చుంఫాన్ ప్రాంతంలో వందల ప్రాణాలు తీసి, సన్నని భూభాగాన్ని దాటి బంగాళాఖాతంలో పడి, మన రాష్ట్రం దాకా వచ్చింది. తావ్ దీవికి పడవలు బయలుదేరే రేవుల్లో ఒకటి ఆ చుంఫాన్‌లోనే ఉంది. కాబట్టి కార్తీక మాసంలో సముయ్ ప్యాకేజీ చవగ్గా వచ్చిందంటే ఎందుకు వచ్చిందో మీకే తెలియాలి.

ఇక మన సెలవుల లెక్క. సంక్రాంతి దాటాక, కోతల డబ్బు చేతికొచ్చి వెళ్లేవాళ్లకు క్రాబీ, ఫుకెట్ వైపు మంచి కాలం. పిల్లల వేసవి సెలవుల్లో, అంటే మే నెలలో వెళ్లేవాళ్లు సముయ్ వైపు చూడాలి. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సాంగ్‌క్రాన్, అంటే వాళ్ల కొత్త సంవత్సరం. వీధుల్లో నీళ్లు చల్లుకోవడం చూడటానికి బాగుంటుంది కానీ బస్సులు, రైళ్లు దొరకవు. దసరా సెలవులే ఇబ్బంది. అప్పటికి పడమర వానలు పూర్తిగా తగ్గవు, తూర్పు వానలు మొదలవబోతుంటాయి. దసరాకే వెళ్తామంటే దీవి రోజులు తగ్గించి బ్యాంకాక్, దాని దగ్గరి పాత రాజధాని అయుత్తయ రోజులు పెంచమంటాను. బ్యాంకాక్‌లోనూ ఆ రోజుల్లో వాన పడుతుంది. కాకపోతే నగరంలో ఏ మ్యూజియంలోకో దూరవచ్చు, దీవిలో పడవలు ఆగితే రోజంతా గదిలో కూర్చోవాల్సిందే.

ఫోటోల్లో చూసి అందరూ అడిగే, ఫీఫీ దీవుల్లోని మాయా బే 2018లో మూతపడి 2022 జనవరిలో తెరుచుకుంది. ఇప్పుడు కూడా ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో మూసేస్తారు. అండమాన్ వైపే ఉన్న సిమిలన్ దీవులైతే మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసే ఉంటాయి.

అపోహ: అంత దూరం వెళ్లాక నాలుగైదు ఊళ్లు చూడకపోతే డబ్బు దండగ.

"అక్కడిదాకా వెళ్లి పట్టాయా చూడకపోతే ఎలాగండీ?" అంటారు. అయిదు రాత్రుల్లో బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్, క్రాబీ కావాలంటారు. కాగితం మీద పడుతుంది కూడా. అందుకని ఊరు మారే ఒక్క రోజును గంటల్లో రాసి చూపిస్తుంటాను.

బ్యాంకాక్ హోటల్ నుంచి ఉదయం 8కి బయలుదేరారు. ట్రాఫిక్ దాటి విమానాశ్రయం చేరేసరికి 9. విమానం 11కి. గాలిలో ఉండేది గంటా ఇరవై నిమిషాలే. ఫుకెట్‌లో దిగి, సామాను వచ్చేదాకా ఆగి బయటపడేసరికి ఒంటిగంట. విమానాశ్రయం దీవికి ఉత్తరపు కొసన ఉంది, అందరూ దిగే పటాంగ్‌కు ఇంకో గంట. గది తాళాలు చేతికొచ్చి, పిల్లలకు అన్నం పెట్టేసరికి 3 దాటుతుంది. టికెట్‌లో గంటా ఇరవై అని కనబడిన ప్రయాణం రోజులో ముప్పావు భాగం తినేసింది. ఇలాంటివి మూడుంటే అయిదు రాత్రుల్లో చూసేది హోటళ్ల లాబీలే. తొలిసారి వెళ్లేవాళ్లు ఒక నగరం, ఒక తీరం పెట్టుకుంటే చాలు. బ్యాంకాక్‌లో మూడు రాత్రులు, సముద్రం దగ్గర నాలుగు. పట్టాయాను వదిలేసినా మీకు పోయేదేమీ లేదని నా అభిప్రాయం. ఈ మాటకు నాతో పోట్లాడేవాళ్లు రోజూ వస్తుంటారు.

బ్యాంకాక్‌కు విమానాశ్రయాలు రెండు: సువర్ణభూమి, డాన్ మువాంగ్. ఒకదానిలో దిగి, అక్కడినుంచి ఫుకెట్ విమానం రెండోదానిలో ఎక్కాల్సి వస్తే నగరం ఇటు చివర నుంచి అటు చివరికి పరుగే. చవక టికెట్లలో ఈ మెలిక తరచుగా ఉంటుంది. ఇంకో మెలిక తేదీ. 12వ తేదీ 00:30 విమానమంటే మీరు 11వ తేదీ రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. 12 రాత్రికి కారు మాట్లాడుకుని పెరవలి దాకా వెళ్లాక ఫోను చేసేవాళ్లకు ఎవరూ ఏమీ చేయలేరు.

అపోహ: వీసా అక్కరలేదంటే కాగితాలూ అక్కరలేదు.

2023 నవంబరులో భారతీయులకు వీసా మినహాయింపు ఇచ్చారు, 2024 జూలైలో గడువు 60 రోజులకు పెంచారు. ఇలాంటి సడలింపులు మారుతుంటాయి. టికెట్ కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైటు చూడండి, పక్కింటివాళ్లు నిరుడు వెళ్లొచ్చిన లెక్కతో నడవకండి. వీసా లేకపోయినా పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, ఖర్చులకు సరిపడా డబ్బు చూపగలిగి ఉండాలి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు కూడా వచ్చింది. చేరే తేదీకి ముందు మూడు రోజుల్లోపు ప్రభుత్వ వెబ్‌సైటులో నింపాలి. దానికి రుసుము లేదు. డబ్బు అడిగే సైటు కనబడితే అది అసలుది కాదు.

పదో తరగతి పాసవని పెద్దవాళ్ల పాస్‌పోర్టుల మీద ఈసీఆర్ ముద్ర, అంటే కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు, ఉంటుంది. గల్ఫ్ అనుభవంతో దాన్ని చూసి భయపడతారు. ఈసీఆర్ దేశాల జాబితాలో థాయ్‌లాండ్ ఉన్న మాట నిజమే, అయితే ఆ అనుమతి ఉద్యోగానికి వెళ్లేవాళ్లకే. విహారానికి వెళ్లేవాళ్లు తిరుగు టికెట్, హోటల్ కాగితాలు చూపితే సరిపోతుంది. ఒంటరి కుర్రాళ్లను మాత్రం ఇమిగ్రేషన్‌లో గట్టిగానే ప్రశ్నిస్తారు. థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగమని ఆశచూపి, సరిహద్దు దాటించి మయన్మార్‌లోని సైబర్ మోసాల డెన్లకు చేర్చిన ముఠాల వల్ల వచ్చిన తంటా ఇది. విదేశాంగ శాఖ 2022 నుంచే హెచ్చరిస్తోంది.

అపోహ: అది కుర్రాళ్లు వెళ్లే చోటు, అమ్మానాన్నలకు అక్కడేముంది?

అన్నిటికన్నా నాకు ఒళ్లుమండే అపోహ ఇది. బ్యాంకాక్ రాజభవనం ఆవరణలో ఉన్న మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ మండపం గోడల మీద రామాయణం 178 చిత్రాల్లో ఉంది. వాళ్ల రామాయణం పేరు రామకియెన్. 1782 నుంచి ఏలుతున్న చక్రి వంశపు రాజులకు రామ బిరుదు, ఇప్పటి రాజు పదో రాముడు. ఏటా భద్రాచలం కల్యాణానికి వెళ్లే పెద్దమనిషిని ఆ గోడ ముందు నిలబెట్టి చూడండి, హనుమంతుడి తోకకూ మకుటానికీ ఉన్న తేడాలు వరసగా చెప్పుకుంటూ మధ్యాహ్నం దాకా కదలడు. నగరం నడిబొడ్డున ఎరవాన్ మందిరంలో నాలుగు ముఖాల బ్రహ్మకు నిత్యపూజలు. సువర్ణభూమి విమానాశ్రయంలో క్షీరసాగర మథనం శిల్పం. ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో అయుత్తయ: 1350లో వెలసి, 1767లో బర్మా సేనల చేతిలో కూలిన రాజధాని. రైల్లో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

రాజభవనానికి కారు మాట్లాడకండి. స్కైట్రైన్‌లో సఫాన్ తక్సిన్ స్టేషన్‌లో దిగితే కిందే రేవు. నారింజ జెండా పడవెక్కి చావ్ ఫ్రాయా నది మీద చాంగ్ రేవులో దిగితే రాజభవనం నడిచే దూరం. సిటీ బస్సులా రేవు రేవునా ఆగే ఆ పడవ మన పెద్దలకు నగరంలో అన్నిటికన్నా నచ్చుతుంది. గేటు బయట "ఈరోజు మూసేశారు, వేరే గుడి చూపిస్తా" అనేవాణ్ణి నమ్మకండి. నిక్కర్లు, చేతుల్లేని బట్టలు వేసుకుంటే లోపలికి పంపరు. చీరకు, పంచెకు బెంగలేదు. అరుణ్ ఆలయం మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందినుంచే చూడాలి.

అపోహ: గోదావరి ఈదినవాడికి సముద్రం ఒక లెక్కా?

లెక్కే. వానాకాలంలో ఫుకెట్ పడమటి తీరాల్లో ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు ఏర్పడతాయి. ఎర్ర జెండా పాతారంటే అందులో దిగకూడదు. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదవద్దు, ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ లాగుడు నుంచి బయటపడాలి. పడవలదీ అంతే. 2018 జూలైలో ఫుకెట్ దగ్గర ఒక విహార పడవ తుపాను గాలికి మునిగి 47 మంది చనిపోయారు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు పడవ ప్రమాదం చూశాక మనకు లైఫ్ జాకెట్ గురించి ఎవరూ చెప్పక్కరలేదనుకుంటాను, అయినా ఫోటో కోసం విప్పేవాళ్లు ఉంటారు. గర్భిణులు, నడుము నొప్పివాళ్లు స్పీడ్ బోటు జోలికి పోవద్దు. సముయ్‌కు డాన్‌సక్ రేవు నుంచి బస్సులనూ కార్లనూ ఎక్కించుకుని పోయే పెద్ద ఫెర్రీలున్నాయి, నిదానంగా వెళ్తాయి.

అపోహ: బండి అద్దెకిచ్చారంటే నడపవచ్చనే కదా.

దుకాణంవాడు ఎవరికైనా ఇస్తాడు. మన లైసెన్సుతోపాటు ఆర్టీవో ఆఫీసు ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, అందులో మోటార్ సైకిల్ అనుమతి లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. పాస్‌పోర్టు తాకట్టు పెట్టమంటే బండే వద్దని వచ్చేయండి.

అపోహ: అన్నం తినే దేశం కాబట్టి తిండికి లోటుండదు.

అన్నానికి లోటు లేదు. శాకాహారులకే చిక్కు, చేపల రసం పడని కూర దొరకడం కష్టం. పసుపు జెండా మీద ఎర్ర అక్షరంతో ‘జే’ అని రాసిన చోట మాంసం, చేప, గుడ్డు వేటితోనూ వండరు. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, కాబట్టి మడి కట్టుకునే నానమ్మకూ పనికొస్తుంది. ఇంటినుంచి తీసుకెళ్లే ఆవకాయ సీసా చేతి సంచిలో పెడితే తనిఖీలో తీసేస్తారు, బాగా చుట్టి పెద్ద సామానులో వేయండి. ఎండుకొబ్బరి, కురిడీలు అసలే వద్దు. నూనె ఎక్కువ కావడంతో అంటుకునే గుణముందని విమానంలో అనుమతించరు. కోనసీమవాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు. ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్లవచ్చు, నలగకుండా చూసుకోవడం మీ పని. అక్కడ కొబ్బరిబొండం ధర మాత్రం అడగకండి, చెట్లున్నవాళ్లకు నిద్ర పట్టదు.

అపోహ: బిల్లులో టీసీఎస్ అని వేసింది ఏజెంటు కమీషన్.

అది ఆదాయపు పన్ను శాఖకు ముందుగా కట్టేది. విదేశీ ప్యాకేజీ అమ్మినవాళ్లు కొన్నవాళ్ల పాన్ మీద జమచేయాలి. ఆ శాఖ వెబ్‌సైటులో ఆ పాన్ ఖాతాలో కనబడుతుంది, రిటర్ను వేసినప్పుడు కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది, మిగిలితే వెనక్కి వస్తుంది. డబ్బు కొడుకు కట్టి, పాన్ మాత్రం రిటర్ను వేయని తండ్రిది ఇస్తేనే అది అక్కడ ఇరుక్కుపోతుంది. బుకింగ్ ఫారం నింపేటప్పుడే ఎవరి పాన్ రాస్తున్నారో చూసుకోండి.