గెట్ అంటే ‘పొందు’ ఒక్కటేనా? అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో నా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకి రకరకాల వాళ్లు వస్తారు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో చేరబోయే బీఎస్సీ కుర్రాళ్లు, నర్సింగ్ చదివిన ఆడపిల్లలు, గల్ఫ్‌కి బయల్దేరే ఉద్దానం డ్రైవర్లు. బోర్డు మీద ‘గెట్’ అని రాసి అర్థమేటని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: “పొందు.” ఇంకేమైనా ఉందా అంటే, “చిన్నప్పట్నుంచీ అదే గదా మాస్టారూ చదివింది” అంటారు. ఈ ఒక్క జవాబు మన పిల్లలకి ఎంత నష్టం చేస్తోందో చూసి చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: గెట్ అంటే పొందు.

వాస్తవం: పొందు అనేది దాని అర్థాల్లో ఒకటి, అంతే. ఆ మాటకొస్తే తెలుగులో మనమైనా ‘పొందాను’ అని రోజుకి ఎన్నిసార్లంటాం? ఉత్తరం వచ్చింది, ఉద్యోగం వచ్చింది, జ్వరం వచ్చింది అంటాం. ఈ మూడు చోట్లా ఇంగ్లిష్‌లో గాట్, అంటే గెట్‌కి పాస్ట్ టెన్స్, పడుతుంది. కోపం వచ్చింది అంటే గాట్ యాంగ్రీ. చీకటి పడింది అంటే గాట్ డార్క్. తడిసిపోయాను అంటే గాట్ వెట్. పెళ్లయింది అంటే గాట్ మేరీడ్. ఇంటికి చేరాను అంటే గాట్ హోమ్. మన దగ్గర వచ్చు, పడు, పోవు, అవు, చేరు అని ఇంతమంది పంచుకున్న పని అక్కడ ఈ ఒక్క వెర్బ్ మోస్తోంది. ‘పొందు’ దగ్గరే ఆగిపోయిన పిల్ల “ఐ గాట్ వెట్” అని వింటే, తడిని పొందడమేటో తెలీక బిక్కమొహం వేస్తుంది.

అందుకే గెట్‌ని ఒంటరిగా చూడొద్దు, దాని తర్వాత ఏముందో చూడండి. నౌన్ ఉంటే రావడమో, దొరకడమో, తెచ్చుకోవడమో. అడ్జెక్టివ్ ఉంటే ఒక స్థితిలోంచి ఇంకో స్థితిలోకి మారడం. చోటు ఉంటే చేరడం: “హౌ డు ఐ గెట్ టు అరసవల్లి?” ఇవి తెలియకపోయినా ఎలాగోలా నెట్టుకురావచ్చు. అసలు దెబ్బ తగిలేది గెట్, ఆబ్జెక్ట్, వీ-త్రీ (సైన్డ్, డన్ లాంటి వెర్బ్ మూడో రూపం) వరసగా వచ్చినచోట.

మా వీధి కుర్రాడొకడు మందుల కంపెనీలో ప్రొడక్షన్‌లో చేరాడు. షిఫ్టు చివర్లో ఆఫీసరు బ్యాచ్ రికార్డు కాగితం చేతికిచ్చి “గెట్ దిస్ సైన్డ్” అని చెప్పి వెళ్లిపోయాడు. వీడు బుద్ధిగా పెన్ను తీసి, ‘చెక్డ్ బై’ అని ఉన్నచోట తన సంతకమే పెట్టేశాడు. అలాంటి కంపెనీలో అది చిన్న విషయం కాదు. పని చేసినవాళ్ల సంతకం వేరు, సరిచూసినవాళ్ల సంతకం వేరు. పొరపాటు పడితే వైట్‌నర్ పూయకూడదు, కాగితం చింపి కొత్తది రాయకూడదు. కింద రాత కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన పొడి సంతకం, తేదీ, కారణం రాయాలి. అవన్నీ రాయించి, వాడికి మెమో ఇచ్చారు. రాత్రి ఫోన్ చేసి, “సంతకం గురించే అన్నారు మాస్టారూ, నాను సరిగ్గానే ఇన్నాను” అన్నాడు. గొంతు వణుకుతోంది. వాడు సరిగ్గానే విన్నాడు. సైన్డ్‌కి ముందు గెట్ ఉంటే ‘పెట్టు’ కాస్తా ‘పెట్టించు’ అవుతుందని వాడికి బళ్లో గానీ కాలేజీలో గానీ చెప్పినవాళ్లు లేరు.

నాకు బాధ ఎక్కడంటే, ఈ వాక్యం తెలుగువాళ్లకి కష్టమే కాకూడదు. మనకి ‘ఇంచు’ పుట్టుకతో వచ్చింది. చేయి, చేయించు. రాయి, రాయించు. కుట్టు, కుట్టించు. మూడేళ్ల పిల్ల కూడా “అమ్మచేత తినిపించు” అనగలదు. ఆ ఇంచునే ఇంగ్లిష్‌లో గెట్‌తో చెబుతారు. “గెట్ ది షర్ట్ స్టిచ్డ్” అంటే చొక్కా కుట్టించు. “గెట్ ది మోటార్ రిపేర్డ్” అంటే మోటారు బాగుచేయించు. “గెట్ ది సర్టిఫికెట్ అటెస్టెడ్” అంటే వెళ్లి అటెస్ట్ చేయించుకు రా. మధ్యలో మనిషిని పెడితే వీ-త్రీ పోయి ‘టు’ వస్తుంది: “గెట్ హిమ్ టు సైన్.” మేక్ వాడితే ఆ ‘టు’ ఉండదు, “మేక్ హిమ్ సైన్” అనాలి. మేక్‌లో బలవంతం వినిపిస్తుంది, గెట్‌లో నచ్చజెప్పి ఒప్పించడం ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. “గెట్ యువర్ వర్క్ డన్ బై ఫైవ్” అంటే అయిదింటికల్లా పని పూర్తి కావాలని. సొంతంగా చేసినా ఫరవాలేదు. అందుకని అనుమానం వస్తే అడిగేయండి: “హూ షుడ్ సైన్ ఇట్, సర్?” అలా అడిగితే చులకనైపోతామని మన పిల్లలు భయపడతారు. అడిగినందుకు మెమో ఇవ్వరు.

అపోహ: గెట్ నాటు మాట, చదువుకున్నవాళ్లు అబ్టెయిన్ అనాలి.

వాస్తవం: ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, దీనివల్ల ఇంటర్వ్యూల్లో నోరు పెగలని పిల్లలు ఎంతమందో. నర్సింగ్ పూర్తిచేసిన అమ్మాయిని నీ మార్కులెన్ని అని అడిగితే, “ఐ గాట్ ఫస్ట్ క్లాస్” అని చటుక్కున అనేయొచ్చు. నోటి చివర ఉన్న గాట్‌ని మింగేసి, గొప్ప మాట కోసం వెతుక్కుంటూ కూర్చుంది. దరఖాస్తుల్లో, ఆఫీసు ఉత్తరాల్లో రిసీవ్డ్, అబ్టెయిన్డ్ బాగుంటాయి, కాదనను. మాటల్లో మాత్రం ఇంగ్లండ్ ప్రొఫెసరైనా గెట్టే అంటాడు. వాడుకభాషకి గౌరవం కావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ నేల మీద కూర్చుని, పక్కవాళ్ల వాడుకమాటని నాటు అనడం నాకు మింగుడుపడదు.

అపోహ: చిన్న మాట కాబట్టి మొదట్నుంచీ అచ్చ ఇంగ్లిషే.

వాస్తవం: బయటిదే. 9వ శతాబ్దం నుంచి ఇంగ్లండ్ తూర్పు, ఉత్తర భాగాల్లో దిగిన స్కాండినేవియా జనం మాట ‘గెటా’. చేజిక్కించుకోవడం అని అర్థం. ఇంగ్లిష్ రాతల్లో ఇది సుమారు 1200 ప్రాంతంలో కనిపిస్తుంది. టేక్ కూడా వాళ్ల దగ్గర్నుంచి వచ్చిందే. దండెత్తి వచ్చినవాళ్లు తర్వాత పక్క పక్క పొలాల్లో కాపురం పెట్టారు, మాటలు కలిసిపోయాయి. ఫర్‌గెట్‌లో ఉన్న గెట్ మాత్రం అంతకుముందే పాత ఇంగ్లిష్‌లో ఉంది, రెండూ ఒకే వేరువి. పొందు అనేది పాత అర్థమే, చేరు, అవు లాంటివి తర్వాత వచ్చి చేరాయి.

అపోహ: గెట్‌కి వీ-త్రీగా గాటెన్ అనడం తప్పు.

వాస్తవం: అమెరికాలో ఒప్పు. బ్రిటన్‌లో ఇప్పుడు గాట్ అంటారు. పరీక్షల్లో గాట్ రాయండి, చాలు.

అపోహ: గెట్ అవుట్ అంటే తిట్టు.

వాస్తవం: కోపంగా అంటేనే తిట్టు. కారు దిగడాన్ని గెట్ అవుట్ ఆఫ్ ది కార్ అనే అంటారు. గల్ఫ్‌లో టాక్సీ నడిపే కవిటి కుర్రాడొకడు, ప్యాసింజర్ “ఐ విల్ గెట్ అవుట్ హియర్” అంటే తన మీద కోపమొచ్చి దిగిపోతోందనుకుని సారీలు చెప్పాడట. బస్సు, రైలు అయితే గెట్ ఆఫ్. మనం అనే గెట్ డౌన్ ఇండియా అంతటా చెల్లుతుంది, బయటి దేశం వెళ్లేవాళ్లు ఆఫ్ అలవాటు చేసుకోండి.

అపోహ: గెట్‌కి వందల అర్థాలు, ఆ లిస్టు బట్టీపడితే ఇంగ్లిష్ వచ్చేస్తుంది.

వాస్తవం: వాట్సాప్‌లో తిరిగే ఆ పీడీఎఫ్ దయచేసి నాకు పంపకండి. పైన చెప్పినట్టు తర్వాతి మాట చూడటం అలవాటైతే సగం పని అయిపోతుంది. గెట్ అప్, గెట్ ఆన్, గెట్ ఆఫ్, గెట్ రిడ్ ఆఫ్, గెట్ బ్యాక్ టు లాంటివి వాడుకలో ఒక్కొక్కటే వస్తాయి.

చివరిదాని గురించి మాత్రం ఫోన్లు ఆగవు. “మా పాపని ఇంటర్వ్యూలో ‘వుయ్ విల్ గెట్ బ్యాక్ టు యు’ అన్నారట, ఉజ్జోగం ఉన్నట్టా లేనట్టా మాస్టారూ?” అని తల్లులు అడుగుతారు. రెండూ కాదమ్మా, కబురు చెబుతామన్నారు, అంతే. మళ్లీ రమ్మనీ కాదు, పొమ్మనీ కాదు. ఆ మాట నమ్ముకుని ఇంకో ఇంటర్వ్యూ మానొద్దని పాపకి చెప్పండి. వారం చూసి కబురు లేకపోతే “హేవ్ యు గాట్ ఎనీ అప్‌డేట్ ఆన్ మై అప్లికేషన్?” అని మర్యాదగా ఒక మెయిల్ పెట్టమనండి. అందులో గాట్ ఉందని భయపడి మార్చొద్దు.